ఆస్పత్రి ఫోన్లకు ఐపీ ఎక్స్ఛేంజి ఎందుకు, ఇంట్లో వాడే నెట్ కాల్ చాలదా?

పెన్నాగట్టు, నెల్లూరు

సభ్యులందరికీ నమస్కారం. నేను నెల్లూరులోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పరిపాలన వ్యవహారాలు చూస్తుంటాను. మాకు నెల్లూరులో ప్రధాన ఆస్పత్రి, కావలిలోను ఒంగోలులోను ఒక్కొక్క చిన్న శాఖ ఉన్నాయి. లోపలి ఫోన్లను ఒకదానితో ఒకటి, బయటి లైన్లతోను కలిపేందుకు పదిహేనేళ్ళ కిందట పెట్టించిన ఈపీఏబీఎక్స్ పెట్టె మొన్నటి వానల్లో పిడుగు దెబ్బ తిన్నది. నలభై ఇంటర్‌కమ్ ఫోన్లలో ఇప్పుడు పద్దెనిమిది మాత్రమే మోగుతున్నాయి. దాని స్థానంలో ఇంటర్నెట్ పద్ధతిలో పనిచేసే ఐపీ ఎక్స్ఛేంజి పెట్టుకోవచ్చునని ఇద్దరు వ్యాపారులు అంచనాలు ఇచ్చి వెళ్ళారు. రెండూ లక్షల్లోనే ఉన్నాయి.

ఆ కాగితాలు చూసిన మా చైర్మన్ గారు, "డల్లాస్‌లో ఉన్న మనవరాలితో రోజూ రాత్రి ముప్పావు గంట మాట్లాడుతున్నాను, పైసా ఖర్చు లేదు, గొంతు పక్క గదిలోంచి వస్తున్నట్టు ఉంటుంది, కింది అంతస్తు నుంచి పై అంతస్తుకు మాట్లాడుకోవడానికి ఇన్ని లక్షలు దేనికయ్యా?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేకపోయింది. రెండూ నెట్ మీద పోయే మాటలే అయినప్పుడు, వార్డుకొక చవక సెల్‌ఫోను కొని అందులో వాట్సాప్ పెడితే ఎందుకు సరిపోదో తెలిసినవారు వివరించవలసిందిగా కోరుతున్నాను. సరిపోతుందనుకుంటే ఆ మాటే నిర్మొహమాటంగా రాయండి, మాకు డబ్బు మిగులుతుంది.

మైపాడు కెరటం

నేను మీ చైర్మన్ గారి పక్షం. ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేశాక పిల్లలతోను, పాత విద్యార్థులతోను మాటలన్నీ నెట్ కాల్ మీదనే సాగుతున్నాయి. మా అమ్మాయి చిన్న దంతవైద్యశాల నడుపుతుంది. అక్కడ ముగ్గురే సిబ్బంది, ఒకటే సెల్‌ఫోను, ఇంతవరకు ఏ ఇబ్బందీ రాలేదు. పెద్ద సంస్థ అనగానే పెద్ద యంత్రం కొనవలసిందేనన్న భయాన్ని అమ్మేవాళ్ళే పుట్టిస్తారని నా అనుమానం. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. పదిహేనేళ్ళు నేను నమ్ముకున్న స్కైపు 2025 మే 5న మూతపడింది. అందులోని పరిచయాలన్నింటినీ మళ్ళీ ఒక్కొక్కటిగా ఏర్చుకోవలసి వచ్చింది.

రింగుటోను, ఒంగోలు

ఒంగోలులో నెట్‌వర్కులు, ఫోన్ల వ్యవస్థలు బిగించే పని పదకొండేళ్ళుగా చేస్తున్నాను కాబట్టి, అమ్మేవాళ్ళ జాబితాలో నన్నూ వేసుకుని ఈ కింది మాటలు చదవండి.

మొదట చైర్మన్ గారి మాటలో ఉన్న నిజాన్ని ఒప్పుకుంటాను. ఇంటి యాప్ అయినా, కార్యాలయపు ఐపీ ఫోను అయినా చేసే పని ఒక్కటే. గొంతును అంకెలుగా మార్చి, సాధారణంగా 20 మిల్లీసెకన్లకొక ముక్క చొప్పున, అంటే సెకనుకు 50 ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కకు చిరునామా అంటించి పంపడమే ఆ పని. ఇంకా చెప్పాలంటే గొంతు స్పష్టతలో ఇంటి యాప్‌దే పైచేయి. పెద్ద సంస్థల్లో ఇప్పటికీ ఎక్కువగా నడిచే జీ.711 అనే పద్ధతి 1972 నాటిది. సెకనుకు 8,000 నమూనాలు తీసుకుంటుంది, 3,400 హెర్ట్జ్‌కు పైనున్న ధ్వనిని వదిలేస్తుంది. అందువల్లనే ఫోనులో "స" అన్నారో "ఫ" అన్నారో ఒక్కోసారి తేలదు. 2012లో ప్రమాణంగా వెలువడిన ఓపస్ పద్ధతిని వాడే యాప్‌లకు ఆ కట్టుబాటు లేదు, ఎందుకంటే రెండు కొసల్లోనూ అదే యాప్ ఉంటుంది. కార్యాలయపు ఫోనుకు అవతల ఏ పాత ల్యాండ్‌లైన్ ఉంటుందో తెలియదు కాబట్టి, అందరికీ తెలిసిన పాత భాషలోనే అది మాట్లాడవలసి వస్తుంది. కనుక మీరు లక్షలు ఇచ్చేది మంచి గొంతు కోసం కాదు. అలా అని ఎవరైనా చెబితే నమ్మకండి.

తేడా అంతా కాల్ ఎవరిని వెతుక్కుంటూ వెళుతుందన్న దానిలో ఉంది. ఇంటి కాల్ మనిషిని వెతుకుతుంది: మనవరాలు డల్లాస్‌లో ఉన్నా, విమానాశ్రయంలో ఉన్నా ఆమె జేబులోనే మోగాలి. ఆస్పత్రి కాల్ పనిని వెతుకుతుంది. రాత్రి రెండు గంటలకు ల్యాబ్ నుంచి ఐసీయూకి ఫోను చేసేవాడికి అక్కడ ఆ పూట ఏ సిస్టరు డ్యూటీలో ఉన్నదో తెలియనవసరం లేదు. 214 నొక్కితే ఐసీయూ బల్ల మీద ఫోను మోగాలి, ఆరు రింగులు పోయినా ఎవరూ తీయకపోతే డ్యూటీ డాక్టరు గదికి, అక్కడా తీయకపోతే రెసిడెంట్ మెడికల్ ఆఫీసరు (ఆర్‌ఎంఓ) గారి సెల్‌కు దానంతట అదే వెళ్ళాలి. ఆ పని మనిషి గుర్తు పెట్టుకుని చేసేది కాదు, ఎక్స్ఛేంజి చేసేది. వార్డుకొక సెల్‌ఫోను పెట్టారనుకోండి. దాని వాట్సాప్ ఎవరి సిమ్ మీద ఉంటుంది, సిమ్ మార్చినప్పుడు ఓటీపీ ఎవరికి వస్తుంది, చార్జింగ్ ఎవరు పెడతారు, ఒకేసారి ఇద్దరు చేస్తే రెండో కాల్ ఎక్కడికి పోతుంది? మూడు షిఫ్టుల్లో పదిహేను మంది చేతులు మారే వస్తువుకు సొంతదారు ఉండడు.

ఇక రెండోది మీ 0861 నంబరు. మీ బోర్డుల మీద, రసీదుల మీద, మందుల చీటీల మీద ఉన్నది అదే. ఉదయగిరి వైపు నుంచి మీటల ఫోనుతో చేసే రైతు మీ వాట్సాప్‌ను చేరలేడు. వాట్సాప్ వాట్సాప్‌తోనే మాట్లాడుతుంది. మామూలు టెలిఫోను లోకంలోకి దానికి తలుపు లేదు. పెద్ద వ్యవస్థలో డబ్బు పోసేది ఆ తలుపు దగ్గరే: ఎన్ని లైన్లు, ఏ నంబర్లు, ఎవరికి బయటికి చేసే అనుమతి, ఎవరి కాల్ రికార్డు కావాలి అన్నవన్నీ అక్కడే తేలతాయి.

మైపాడు కెరటం గారి అమ్మాయి వైద్యశాలకు మాత్రం ఒక సెల్‌ఫోనే సరైనది. ముగ్గురున్నచోట మనిషి, పని వేరు వేరు కావు.

పెన్నాగట్టు, నెల్లూరు

ధన్యవాదాలు. చిన్న దంతవైద్యశాలకు, మాకు తేడా ఎక్కడుందో అర్థమైంది. అయితే ఇంకొక మధ్యదారి గురించి అడగాలి. మా ఫైబర్ కనెక్షనుతో పాటు ఇచ్చిన పెట్టె వెనుక ఒక ఫోను రంధ్రం కూడా ఉంది. దానికి మామూలు ఫోను తగిలిస్తే 0861తో మొదలయ్యే నంబరు పనిచేస్తుంది, నెలసరి అద్దెలోనే స్థానిక, ఎస్టీడీ కాల్స్ అన్నీ ఉచితం. అది కూడా ఇంటర్నెట్ ఫోనే కదా. అలాంటివి ఓ పది తీసుకుంటే?

పాత ఎక్స్ఛేంజి, కావలి

టెలిఫోను శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. మీ చివరి ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను.

ఆ రంధ్రంలోంచి వచ్చే ఫోను మీరు డల్లాస్‌కు చేసే ఫోను లాంటిది కాదు. పెట్టెలోనే గొంతు అంకెలుగా మారుతుంది, కాల్ కలపడానికి యంత్రాలు వాడుకునే సిప్ అనే సంభాషణ పద్ధతిలో ఆ పెట్టె కంపెనీ వారి కేంద్ర యంత్రంతో మాట్లాడుతుంది. కానీ ఆ మాట బయటి ఇంటర్నెట్‌లోకి వెళ్ళకుండా, కంపెనీ సొంత దారిలోనే, డేటా కంటే ముందు వరుసలో సాగుతుంది. అందుకే మీ ఇంట్లో పిల్లలు సినిమా చూస్తున్నా ఆ ఫోనులో మాట తెగదు. ఇది మంచి ఏర్పాటే. కానీ ఇల్లు అన్న లెక్కతో కట్టినది. ఒక రంధ్రం, ఒక నంబరు, ఒక సమయంలో ఒక మాట. పది తీసుకుంటే పది విడి నంబర్లు అవుతాయి తప్ప పది లైన్లున్న ఒక నంబరు కాదు. మొదటిది ఎంగేజ్ అయితే రెండోదానికి పోయే హంటింగ్ సౌకర్యం విడిగా అడిగి, సంస్థల పథకం కింద తీసుకోవలసిందే.

ఇక కరెంటు సంగతి. రాగితీగ ఫోనుకు కరెంటు మీ ఇంటిది కాదు, మాది. ఎక్స్ఛేంజిలో గది నిండా పేర్చిన సీసపు బ్యాటరీల నుంచి 48 వోల్టులు తీగ మీదుగానే మీ ఫోను దాకా వచ్చేవి. ఊరంతా చీకటైనా డయల్ టోను ఉండేది. బ్యాటరీలు దిగిపోతే డీజిల్ ఇంజను తిప్పేవాళ్ళం. 1986లో కర్ణాటకలోని కిట్టూరులో మొదలైన, ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సి-డాట్ వారి 128 రంధ్రాల గ్రామీణ ఎక్స్ఛేంజి పెట్టెకు ఏసీ గది కూడా అక్కరలేదు. మన మెట్ట ఊళ్ళ ఎండల్లో అది పనిచేస్తుంటే మేమే ఆశ్చర్యపోయేవాళ్ళం. ఫైబర్ అనే ఈ గాజు తీగలో వెలుతురు ప్రయాణిస్తుంది గాని కరెంటు ప్రవహించదు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరులోని మా బంధువుల వీధిలో కరెంటు తీసేశారు. ఫైబర్ తెగలేదు, కంపెనీ యంత్రం ఆగలేదు, కానీ ఇంట్లో పెట్టె ఆరిపోయింది కాబట్టి ల్యాండ్‌లైన్ మూగపోయింది. ఇంట్లో అయితే సెల్‌ఫోను తీసుకుని మేడెక్కుతాం. మీ క్యాజువాలిటీ మేడెక్కలేదు కదా.

చీమకుర్తి నల్లరాయి

గ్రానైటు ఎగుమతి చేసే ఒక సంస్థలో లెక్కలు రాస్తాను. పైన ఇద్దరూ చెప్పినదంతా నిజమే గాని, ఐపీ ఎక్స్ఛేంజి వల్ల మాకు జరిగిన నష్టం కూడా ఇక్కడ నమోదు కావాలి. విదేశీ కొనుగోలుదారుల కోసం మాకు ఐఎస్‌డీ తెరిచి ఉండేది. యంత్రం బిగించిన కుర్రవాడు, యజమాని గారు ఇంటి నుంచి కూడా వాడుకోవడానికి వీలుగా దాన్ని నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి, 201 నంబరు ఫోనుకు 201 అనే రహస్యపదం పెట్టి వెళ్ళాడు. ఒక శనివారం రాత్రి మొదలై సోమవారం తెల్లవారే దాకా, ఆఫీసుకు తాళం వేసి ఉండగా, మేమెన్నడూ పేరు వినని దేశాలకు ఆపకుండా కాల్స్ పోయాయి. బిల్లు రెండు లక్షలు దాటింది. కంపెనీ వారు, "మీ యంత్రం నుంచి వెళ్ళాయి, మీరే కట్టాలి" అన్నారు, కట్టాము. మా యజమాని గారి ఫోనులోని వాట్సాప్‌ను ఎవరైనా దొంగిలించినా ఇటువంటి బిల్లు మాత్రం రాదు కదా అని అప్పటినుంచి అనుకుంటూనే ఉన్నాను.

రింగుటోను, ఒంగోలు

చీమకుర్తి నల్లరాయి గారు చెప్పినది మా వృత్తిలో అందరికీ తెలిసిన నేరం. సిప్ సంభాషణ మామూలుగా 5060 అనే ద్వారం గుండా నడుస్తుంది. ఇంటర్నెట్‌లోని చిరునామాలన్నింటినీ వరుసగా తట్టి, ఆ ద్వారం తెరిచి ఉన్న యంత్రం కనబడితే 100, 101, 102 అంటూ ఎక్స్‌టెన్షన్లను, వాటికి అవే రహస్యపదాలను ప్రయత్నించే ప్రోగ్రాములు రాత్రింబవళ్ళు తిరుగుతూనే ఉంటాయి. లోపలికి వచ్చినవాడు మాట్లాడడు. నిమిషానికి ఎక్కువ చార్జీ పడే విదేశీ నంబర్లకు కాల్స్ పంపి, ఆ చార్జీలో తనకు వచ్చే వాటా జేబులో వేసుకుంటాడు. శనివారం రాత్రి ఎంచుకోవడం కూడా తెలిసి చేసిందే.

నల్లరాయి గారి ముక్తాయింపు కూడా సరైనదే, కాని దానిని నేను మరోవైపు నుంచి చూస్తాను. ఇంటి యాప్‌లో బిల్లు రాకపోవడానికి కారణం దానికి బయటి టెలిఫోను లోకంలోకి తలుపు లేకపోవడం. తలుపు కావాలనుకున్న ప్రతి సంస్థా కాపలాదారును కూడా పెట్టుకోవాలి. ఎస్‌బీసీ అనే సరిహద్దు యంత్రం ఆ పనికే ఉంది: బయటివాడికి ఎక్స్ఛేంజి కనబడనివ్వదు, లోపలికి వచ్చే ప్రతి సంభాషణను తనే అందుకుని పరిశీలించి పంపుతుంది. పెన్నాగట్టు గారూ, మీ అంచనా కాగితాల్లో ఆ మూడక్షరాలు ఉన్నాయేమో చూడండి. లేకపోతే అడగండి. ఆస్పత్రికి ఐఎస్‌డీ ఎటూ అక్కరలేదు కాబట్టి కంపెనీ దగ్గరే దానికి తాళం వేయించండి. మీ యంత్రంలో వేసిన తాళాన్ని దొంగ తీయగలడు గాని, కంపెనీ దగ్గర వేసిన తాళాన్ని తీయలేడు.

నెట్ వేగం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వ్యాపారులు ఇక్కడే అనవసరంగా అమ్ముతారు. జీ.711లో ఒక్క 20 మిల్లీసెకన్ల ముక్కలో మాట 160 బైట్లు, చిరునామాల కాగితం 40 బైట్లు. సెకనుకు 50 ముక్కల చొప్పున 80 కిలోబిట్లు, కేబులు మీది చుట్టుకాగితం కూడా కలుపుకుంటే ఒక దిశలో సుమారు 87. పది మంది ఒకేసారి బయటికి మాట్లాడినా ఒక మెగాబిట్ నిండదు. మీ దగ్గర 100 మెగాబిట్ల కనెక్షను ఉంటే ఫోన్ల కోసం దాన్ని 300 చేయించనక్కరలేదు. అయినా మాట తెగుతుంది! సాయంత్రం పూట మీ సీటీ స్కాను గది నుంచి చెన్నైలోని రేడియాలజిస్టుకు వందల మెగాబైట్ల చిత్రాలు పైకి ఎక్కుతుంటాయి. 200 బైట్ల మాట ముక్క ఆ లారీల వెనుక సైకిలులా ఇరుక్కుపోతుంది. చిత్రం రెండు సెకన్లు ఆలస్యమైనా రేడియాలజిస్టుకు తెలియదు. మాట ఒకవైపుకు 150 మిల్లీసెకన్ల లోపు చేరితే సుఖంగా ఉంటుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ చెబుతుంది; అది దాటుతూ పోయినకొద్దీ ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ఆగుతుంటారు.

పెద్ద వ్యవస్థలో దీనికి చేసే ఏర్పాటు ఏమిటంటే, ఫోన్లన్నింటినీ అదే కేబుల్ మీద వీలాన్ అనే విడి నెట్‌వర్కులో పెట్టి, మాట ముక్క మీద 46 అనే ముద్ర వేసి, ఆ ముద్ర కనబడగానే స్విచ్చి, రూటరు మిగతా వాటిని ఆపి దానికి దారి ఇచ్చేట్టు చేస్తారు. అంబులెన్సు సైరన్ అనుకోండి. అయితే ఆ సైరన్‌కు విలువ మన గోడల లోపల, మనతో ఒప్పందం ఉన్న కంపెనీ దారిలో మాత్రమే ఉంటుంది. బయటి ఇంటర్నెట్‌లో ఎవరూ పక్కకు తొలగరు. ఇంటి యాప్‌లకు ఆ సైరన్ ఆధారం లేదు కాబట్టి అవి వేరే తెలివి నేర్చుకున్నాయి: దారి ఇరుకైతే గొంతు నాణ్యత తగ్గించుకుంటాయి, పోయిన ముక్కను ఊహించి పూడ్చుకుంటాయి. అందుకే చైర్మన్ గారికి డల్లాస్ పక్క గదిలా వినిపిస్తుంది. నాకు ఆ ఇంజనీర్ల మీద గౌరవమే ఉంది.

కనిగిరి నుంచి టెక్సాస్

నేను పుట్టింది కనిగిరి దగ్గర, ఉండేది టెక్సాస్‌లో. అత్యవసర కాల్స్ గురించి ఇక్కడ ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. 2013 డిసెంబరులో ఈ రాష్ట్రంలోని మార్షల్ పట్టణంలో ఒక హోటలు గదిలో కారీ హంట్ అనే మహిళ హత్యకు గురైంది. పక్కనే ఉన్న తొమ్మిదేళ్ళ కూతురు గది ఫోను నుంచి ఇక్కడి అత్యవసర నంబరైన 911 నాలుగుసార్లు నొక్కింది. బయటి లైను కోసం ముందు ఇంకొక 9 నొక్కాలని ఆ పిల్లకు తెలియదు, కాల్ ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఇంట్లో నేర్పినట్టే చేసింది. ఆ తరువాత 2018లో ఆ తల్లి పేరు మీద చట్టం వచ్చింది. 2020 ఫిబ్రవరి 16 తరువాత ఏర్పాటు చేసే బహుళ లైన్ల వ్యవస్థల్లో ముందు ఏ అంకే లేకుండానే 911 పోవాలి, పోయినట్టు భవనంలోని రిసెప్షనుకో భద్రతా సిబ్బందికో కబురు అందాలి.

మీ శాఖలకు ఇది మరొక విధంగా తగులుతుంది. కావలి శాఖ ఫోన్లన్నీ నెల్లూరు యంత్రానికి కట్టి, బయటి లైన్లు నెల్లూరులో మాత్రమే పెడితే, కావలిలో పొగ చూసి 101 నొక్కిన వాచ్‌మన్ కాల్ నెల్లూరు లైను మీద, నెల్లూరు నంబరుతో బయటికి వస్తుంది. ప్రతి శాఖలో కనీసం ఒక స్థానిక లైను ఉంచి, 100, 101, 108, 112 ఆ లైను మీదనే పోయేట్టు రాయించండి. ముందు 0 గాని 9 గాని అడగకూడదని కూడా చెప్పండి.

పాత ఎక్స్ఛేంజి, కావలి

స్థానిక లైను మాట వచ్చింది కాబట్టి చట్టం సంగతి కూడా చెబుతాను. మీకు అంచనా ఇచ్చిన వ్యాపారి, "ఒంగోలు శాఖలో నొక్కిన కాల్‌ను మీ సొంత దారిలో నెల్లూరుకు తెచ్చి అక్కడ లోకల్ కాల్‌గా బయటికి వదులుతాం, ఎస్టీడీ ఉండదు" అన్నాడా? మన దేశంలో సంస్థ సొంత నెట్‌వర్కులోని మాటను మామూలు టెలిఫోను వ్యవస్థలో ఇలా కలిపి చార్జీ తప్పించుకోవడం మీద నిబంధనలు చాలాకాలంగా ఉన్నాయి. ఎస్టీడీకి విడిగా డబ్బు పోవడమే అరుదైపోయిన ఈ రోజుల్లో ఆ పనివల్ల మిగిలేది కూడా ఏమీ లేదు. శాఖల మధ్య మీలో మీరు మాట్లాడుకోవడానికి అడ్డంకి లేదు.

ఇంటర్నెట్ ఫోను మన దేశంలో 2002 ఏప్రిల్ 1 నుంచి అనుమతిలోకి వచ్చింది గాని, అప్పట్లో కంప్యూటరు నుంచి కంప్యూటరుకు, లేదా విదేశంలోని ఫోనుకు మాత్రమే; స్వదేశంలోని ఫోనుకు చేయడానికి వీల్లేదు. నంబరు కేటాయించి, ఏ నెట్ మీదనుంచి అయినా మామూలు ఫోన్లతో మాట్లాడించే సేవకు లైసెన్సు ఉన్న టెలిఫోను కంపెనీలకు 2018లో స్పష్టత ఇచ్చారు. మా బీఎస్ఎన్ఎల్ వారు ఆ సంవత్సరమే వింగ్స్ అనే సేవ మొదలుపెట్టారు. కనుక నెట్ మీదుగా బయటి ఫోను లైన్లు ఇచ్చే సిప్ ట్రంకు తీసుకునేటప్పుడు ఇచ్చేవాడికి లైసెన్సు ఉన్నదో లేదో కాగితం చూడండి.

కందుకూరు కుర్రవాడు

యంత్రమే కొనకుండా, ఫోన్లు మాత్రం బల్లల మీద పెట్టి, ఎక్స్ఛేంజిని క్లౌడ్‌లో నెలసరి అద్దెకు తీసుకోవచ్చు కదా? నేను పనిచేసే కాల్ సెంటరులో అలాగే ఉంది. మాకు తలనొప్పి లేదు.

రింగుటోను, ఒంగోలు

కాల్ సెంటరుకు అది సరిపోతుంది, ఎందుకంటే మీ కాల్స్ అన్నీ బయటివారితోనే. నెట్ పోతే ఎలాగూ పని ఆగుతుంది. ఆస్పత్రిలో కాల్స్‌లో అధిక భాగం లోపలివి. క్లౌడ్‌లో ఎక్స్ఛేంజి ఉంటే ఐసీయూ నుంచి పక్కనే ఉన్న బ్లడ్ బ్యాంకుకు చేసే కాల్‌ను కూడా ఎక్కడో డేటా సెంటరులోని యంత్రమే కలపాలి. రోడ్డు తవ్వేవాడు ఫైబర్ కోస్తే గోడకు ఇవతలా అవతలా మూగే. నూటికి 99.9 పాళ్ళు పనిచేస్తుందని రాసి ఇస్తారు, వినడానికి బాగుంటుంది. ఏడాదికి ఎనిమిది గంటల నలభై ఐదు నిమిషాలు ఆగవచ్చునని దాని అర్థం. పాత ఎక్స్ఛేంజి గారి తరంవారు పెట్టుకున్న లక్ష్యం 99.999, అంటే ఏడాదికి ఐదు నిమిషాల పైచిల్లర. ఇంటి సేవకు ఆ లెక్కే లేదు: 2021 అక్టోబరు 4న వాట్సాప్ ప్రపంచమంతటా సుమారు ఆరు గంటలు ఆగిపోయింది. ఎవరికీ పరిహారం అడిగే ఒప్పందం లేదు, ఉచితం కనుక అడగడం న్యాయమూ కాదు.

మైపాడు కెరటం

మరొక సందేహం. వాట్సాప్‌లో నేను మాట్లాడేది ఆ కంపెనీ వారే వినలేరంటారు. మీ లక్షల యంత్రంలో రోగి తన జబ్బు గురించి చెప్పుకునే మాట ఎంత భద్రం?

రింగుటోను, ఒంగోలు

ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగనందుకు సిగ్గుపడాలి. ఇందులో కూడా ఇంటి సేవే ముందున్నది. వాట్సాప్‌లో 2016 నుంచి కాల్స్‌కు ఒక కొస నుంచి మరో కొస దాకా గుప్తలిపి ఉంది. కార్యాలయపు ఎక్స్ఛేంజీలు చాలావరకు బిగించిన రోజున గుప్తలిపి లేకుండానే ఉంటాయి. నెట్‌వర్కులో చేయి పెట్టగలిగినవాడు మాట ముక్కలను పోగేసి వినగలడు. కాల్ కలిపే సిప్ సంభాషణకు టీఎల్ఎస్, గొంతుకు ఎస్ఆర్‌టీపీ అని రెండు గుప్తలిపి ఏర్పాట్లు ఉన్నాయి, అడిగి పెట్టించుకోవాలి. పెట్టించుకున్నా ఆ తాళం ఎక్స్ఛేంజి దగ్గర విప్పబడుతుంది, ఎందుకంటే కాల్ రికార్డు చేయాలన్నా, మామూలు ఫోనుకు పంపాలన్నా యంత్రం ఆ మాట వినాల్సిందే. కనుక రికార్డింగులు ఎన్నాళ్ళు ఉంచాలి, ఎవరు వినవచ్చు అన్నది పెన్నాగట్టు గారు రాతపూర్వకంగా నిర్ణయించుకోవలసిన విషయం. యంత్రం దాన్ని నిర్ణయించదు.

పెన్నాగట్టు, నెల్లూరు

అందరికీ ధన్యవాదాలు. వారం రోజులు రిసెప్షనులో రిజిస్టరు పెట్టి, బయటినుంచి వచ్చే కాల్స్, బయటికి పోయే కాల్స్ రాయించాను. ఓపీ రద్దీ ఉండే పది నుంచి పదకొండు గంటల మధ్య సగటున 72 కాల్స్, ఒక్కొక్కటి మూడు నిమిషాలు. ఒక వ్యాపారి 30 లైన్లు రాశాడు, మరొకరు 6 చాలన్నారు. ఎవరి మాట నమ్మాలి?

రింగుటోను, ఒంగోలు

ఇద్దరి మాటా వద్దు. డెన్మార్కు టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు నూరేళ్ళ కిందటే ఇచ్చిన లెక్క ఉంది. 72 కాల్స్‌ను 3 నిమిషాలతో గుణిస్తే 216 నిమిషాలు, గంటలోని 60 నిమిషాలతో భాగిస్తే 3.6, అంటే సగటున ఒకేసారి నడిచే కాల్స్. దాన్ని ఆయన పేరు మీదనే 3.6 ఎర్లాంగులు అంటాము. ఆ రద్దీకి 6 లైన్లు పెడితే నూటికి సుమారు తొమ్మిది మందికి ఎంగేజ్ వినిపిస్తుంది. 8 పెడితే ఇద్దరికి లోపు. 9 పెడితే ఒకరికంటే తక్కువ. 10 పెడితే వెయ్యికి ముగ్గురికి. ఒక్కొక్క లైను చేర్చిన కొద్దీ ఎంత వేగంగా తగ్గుతున్నదో గమనించండి. 30 లైన్లు ఎందుకు రాశారంటే, పాత పీఆర్ఐ తీగలో 30 మాటల దారులు ఒక కట్టగా వచ్చేవి, చేయి అలవాటు పోలేదు. సిప్ ట్రంకులో 10 అంటే 10 ఇస్తారు, జ్వరాల కాలంలో 15 చేయించుకోవచ్చు.

ఫోన్లకు కరెంటు నెట్ కేబుల్ మీదనే వెళ్ళే పీఓఈ స్విచ్చులు తీసుకోండి. ప్రమాణం ప్రకారం స్విచ్చి ఒక్కో రంధ్రానికి 15.4 వాట్ల దాకా ఇవ్వగలదు గాని, బల్ల మీది ఫోను తినేది నాలుగైదు వాట్లే. నలభై ఫోన్లకు 200 వాట్లు. మీకు జనరేటరు ఉందని తెలుసు, అయినా స్విచ్చులను, ఎక్స్ఛేంజిని యూపీఎస్ మీదనే ఉంచండి: జనరేటరు అందుకునే పది సెకన్ల ఖాళీలో ఫోన్లన్నీ ఆరిపోతే, మళ్ళీ లేచి ఎక్స్ఛేంజిలో పేరు నమోదు చేసుకోవడానికి నిమిషం రెండు నిమిషాలు పడుతుంది.

పెన్నాగట్టు, నెల్లూరు

ఈ లెక్క చైర్మన్ గారికి చూపించాను. 72 అంకె చూసి ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఇవి కలిసినవి. ఎంగేజ్ విని పెట్టేసినవాళ్ళు ఏ రిజిస్టరులో ఉన్నారు?"

రింగుటోను, ఒంగోలు

మీ చైర్మన్ గారు మా వృత్తిలో ఉండవలసినవారు. వాళ్ళు మీ రిజిస్టరులో లేరు, మీ పాత పెట్టెలోనూ లేరు. మీ నంబరు దాకా వచ్చి ఎంగేజ్ తగిలిన కాల్స్ టెలిఫోను కంపెనీ యంత్రంలో మాత్రమే కనబడతాయి. గత నెల రద్దీ గంటల్లో అలాంటివి ఎన్నో చెప్పమని వారికి లేఖ రాయండి. ఆ అంకె వచ్చేదాకా 10 లైన్ల దగ్గర సంతకం పెట్టకండి.

పెన్నాగట్టు, నెల్లూరు

లేఖ ఈ మధ్యాహ్నమే ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాను. అంకె రాగానే ఇక్కడే రాస్తాను.